క్యాలెండరు ఆహ్వానంలో వీడియో సమావేశ లంకె

క్యాలెండరు ఆహ్వానంలో వీడియో సమావేశ లంకె అనగా, ఈ-మెయిలు ద్వారా పంపే సమావేశ ఆహ్వానంలో తేదీ, సమయం, విషయములతో పాటు చేర్చబడే అంతర్జాల చిరునామా. ఆహ్వానితులు నిర్ణీత సమయానికి ఈ లంకెను నొక్కి, తాము ఉన్న చోటి నుండే సమావేశంలో పాల్గొంటారు. ఈ లంకెను చేతితో కాపీ చేసి అతికించవచ్చును. అయితే కార్యాలయాలలోను, విద్యాసంస్థలలోను ఈ పనిని ఎక్కువగా యాడ్-ఇన్ అనే చిన్న అనుబంధ ఉపకరణం చేస్తుంది. మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్‌కు జూమ్, వెబెక్స్, టీమ్స్ మొదలైన సేవల యాడ్-ఇన్‌లు ఉన్నాయి. గూగుల్ క్యాలెండరులో ఇటువంటి వాటిని యాడ్-ఆన్‌లు అంటారు.

ఈ విధానంలో రెండు వేర్వేరు వ్యవస్థలు పనిచేస్తాయి. ఆహ్వానం క్యాలెండరు సర్వరులో ఉంటుంది. సమావేశం జరిగే గది వీడియో సేవ యొక్క సర్వరులో ఉంటుంది. యాడ్-ఇన్ ఈ రెండింటికీ వారధి. ఒకచోట చేసిన మార్పు రెండవచోటికి చేరకపోతే ఆహ్వానితులు తప్పు సమయానికో, తప్పు గదికో చేరుకుంటారు. లంకె పరుల చేతిలో పడితే పిలవనివారు కూడా లోనికి వస్తారు. ఈ రంగంలో ఎదురయ్యే ఇబ్బందులు అధికభాగం ఈ రెండు కారణాల వల్లనే కలుగుతాయి.

చరిత్ర

ఎలక్ట్రానిక్ క్యాలెండర్లు మొదట ఒక సంస్థ లోపలి కంప్యూటర్లకే పరిమితమై ఉండేవి. ఒక సంస్థ సాఫ్టువేరులో తయారైన ఆహ్వానాన్ని మరొక సంస్థ సాఫ్టువేరు చదవలేకపోయేది. ఈ ఇబ్బందిని తొలగించడానికి ఆపిల్, ఏటీ అండ్ టీ, ఐ.బి.ఎం., సీమెన్స్ సంస్థలు ఏర్పరచిన వెర్సిట్ అనే కూటమి 1996లో వీక్యాలెండర్ అనే ఉమ్మడి రూపాన్ని ప్రకటించింది. దాని ఆధారంగా 1998 నవంబరులో ఐక్యాలెండర్ ప్రమాణం ఆర్.ఎఫ్.సి. 2445 పేరుతో వెలువడింది. దీనిని ఫ్రాంక్ డాసన్, డెరిక్ స్టెనర్సన్ రచించారు. 2009 సెప్టెంబరులో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 5545 దీని స్థానాన్ని ఆక్రమించింది. ఆహ్వానాలు పంపుట, అంగీకరించుట, రద్దుచేయుట మొదలైన వ్యవహారాలకు 2009 డిసెంబరులో ఆర్.ఎఫ్.సి. 5546, వాటిని ఈ-మెయిలు ద్వారా నడిపే పద్ధతికి 2010 డిసెంబరులో ఆర్.ఎఫ్.సి. 6047 ప్రకటించబడ్డాయి.

ఈ ప్రమాణాలలో వీడియో సమావేశానికి ప్రత్యేకమైన స్థానం మొదట లేదు. అందువలన లంకెను "స్థలం" గడిలోనో, "వివరణ" గడిలోనో మామూలు పాఠ్యంగా వ్రాసేవారు. 2016 అక్టోబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 7986 "కాన్ఫరెన్స్" అనే కొత్త లక్షణాన్ని చేర్చింది. ఆ లంకె చిత్రానికా, శబ్దానికా, తెర పంచుకోవడానికా, టెలిఫోనుకా అన్నది కూడా ఇందులో తెలుపవచ్చును. అయినను అన్ని క్యాలెండరు సాఫ్టువేర్లు దీనిని ఒకే రీతిగా వాడుకొనడం లేదు. వివరణలో లంకెను వ్రాసే పాత పద్ధతి ఇప్పటికీ కొనసాగుతున్నది.

యాడ్-ఇన్‌ల చరిత్ర దీనికి సమాంతరంగా సాగింది. 2007 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ తన లైవ్ మీటింగ్, ఆఫీస్ కమ్యూనికేషన్స్ సర్వర్ సేవల కొరకు అవుట్‌లుక్‌కు ఒక సమావేశ యాడ్-ఇన్‌ను అందించింది. అప్పటి యాడ్-ఇన్‌లు విండోస్ కంప్యూటరులో స్థాపించవలసిన కామ్ తరహావి. ఆఫీస్ 2013తో వెబ్ తరహా యాడ్-ఇన్‌లు ప్రవేశించాయి. వీడియో సేవలలో వెబెక్స్‌ను 2007లో సిస్కో సంస్థ కొనుగోలు చేసింది. జూమ్ సంస్థ 2011లో స్థాపించబడింది. మైక్రోసాఫ్ట్ టీమ్స్, గూగుల్ మీట్ 2017లో వాడుకలోకి వచ్చాయి. 2020లో కోవిడ్-19 వ్యాప్తి వలన పాఠశాలలు, కార్యాలయాలు మూతపడినపుడు, అంతవరకు కొద్దిమందికే పరిచయమైన ఈ లంకెలు బడిపిల్లల తల్లిదండ్రులకు కూడా నిత్యావసరమైనాయి.

ఆహ్వానం యొక్క నిర్మాణం

ఐక్యాలెండర్ ఆహ్వానం మామూలు పాఠ్యంతో కూడిన ఒక ఫైలు. దీని పేరు చివర ఐ.సి.ఎస్. అను మూడక్షరాల పొడిగింపు ఉంటుంది. ఇది ఈ-మెయిలుకు జతగా ప్రయాణిస్తుంది. అందులోని ముఖ్యమైన అంశాలు ఇవి:

- గుర్తింపు సంఖ్య (యూ.ఐ.డి.): ప్రతి సమావేశానికి ఒకే ఒకటి ఉంటుంది. సమయం మారినా, స్థలం మారినా ఇది మారదు.
- వరుస సంఖ్య (సీక్వెన్స్): ముఖ్యమైన మార్పు జరిగినప్పుడు ఇది పెరుగుతుంది. ఏ ప్రతి కొత్తదో దీనిని బట్టి తెలుస్తుంది.
- నిర్వాహకుడు (ఆర్గనైజర్), ఆహ్వానితులు (అటెండీ): మార్పులు చేసే అధికారం నిర్వాహకునిది. ఆహ్వానితులు అంగీకారం, నిరాకరణ, అనుమానం తెలుపగలరు.
- ఆరంభ, ముగింపు సమయాలు: వీటితో పాటు కాలమండలం కూడా నమోదవుతుంది.
- స్థలం, వివరణ: లంకె సాధారణంగా ఈ రెండింటిలో ఉంటుంది.

కొన్ని సంస్థలు వీటికి తోడు తమ సొంత పంక్తులను కూడా చేర్చుతాయి. ఆ సంస్థ సాఫ్టువేరు వాటిని చదివి "చేరండి" అనే బొత్తాన్ని చూపుతుంది. ఇతర సాఫ్టువేర్లు వాటిని పట్టించుకోవు. ఒకే ఆహ్వానం ఒకరికి బొత్తాముతోను, మరొకరికి వట్టి లంకెతోను కనబడటానికి కారణం ఇదే.

ప్రమాణం ప్రకారం ఫైలులోని ఒక పంక్తి 75 బైట్లకు మించరాదు. అంతకంటె పొడవైన దానిని విరిచి, తరువాతి పంక్తిని ఒక ఖాళీతో మొదలుపెట్టవలెను. చదివే సాఫ్టువేరు ఆ విరుపులను తిరిగి కలుపుతుంది. వీడియో లంకెలు పొడవైనవి కనుక తరచు ఇలా విరుగుతాయి. తెలుగులో విషయం వ్రాసేవారికి ఈ నియమం మరింత వర్తిస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు కావలెను. గుణింతపు గుర్తు కూడా ఒక సంకేతమే. "సమావేశం" అను పదానికి 21 బైట్లు పడుతుంది. సరిగా వ్రాయబడని సాఫ్టువేరు ఒక సంకేతం మధ్యలో పంక్తిని విరిస్తే అక్షరాల బదులు డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనబడే అవకాశం ఉన్నది.

యాడ్-ఇన్ పనిచేసే విధానం

వెబ్ తరహా యాడ్-ఇన్ నిజానికి ఒక చిన్న వెబ్ పేజీ. అది వీడియో సేవ యొక్క సర్వరు నుండి వచ్చి, ఈ-మెయిలు కిటికీలో ఒక ప్రక్కన తెరుచుకుంటుంది. ఏ బొత్తాము ఎక్కడ కనబడవలెనో, ఏ అనుమతులు కావలెనో తెలిపే మేనిఫెస్ట్ అనే ఫైలు దానితో పాటు ఉంటుంది. వాడుకరి బొత్తాము నొక్కినప్పుడు ఈ క్రింది పనులు వరుసగా జరుగుతాయి.

1. వాడుకరికి వీడియో సేవలో ఖాతా ఉన్నదో లేదో యాడ్-ఇన్ సరిచూస్తుంది. లాగిన్ కాకపోయినట్లయితే లాగిన్ కమ్మని అడుగుతుంది.
2. ఆహ్వానంలోని విషయం, తేదీ, సమయాలను చదివి, ఒక గదిని సృష్టించమని వీడియో సర్వరును కోరుతుంది.
3. సర్వరు గదిని సృష్టించి, సమావేశ సంఖ్యను, సంకేతపదాన్ని, లంకెను తిరిగి పంపుతుంది.
4. యాడ్-ఇన్ వాటిని ఆహ్వానంలోని స్థలం, వివరణ గడులలో వ్రాస్తుంది.

ఇంతటితో యాడ్-ఇన్ పని చాలవరకు ముగుస్తుంది. ఆహ్వానాన్ని పంపేది ఈ-మెయిలు సాఫ్టువేరు మాత్రమే. ఒకసారి పంపిన తరువాత ప్రతి ఆహ్వానితుని వద్ద ఒక ప్రతి ఉండిపోతుంది. నిర్వాహకుడు మళ్ళీ పంపితే తప్ప ఆ ప్రతులు మారవు.

అవుట్‌లుక్ యాడ్-ఇన్‌ల అనుమతులలో నాలుగు మెట్లు ఉన్నాయి. అత్యల్పమైనదానిలో యాడ్-ఇన్‌కు చాలా పరిమితమైన సమాచారమే అందుతుంది. తరువాతి రెండింటిలో తెరిచి ఉన్న ఉత్తరాన్నో, ఆహ్వానాన్నో చదవగలుగుట, మార్చగలుగుట వరుసగా లభిస్తాయి. నాలుగవదానిలో మొత్తం మెయిలుపెట్టెను చదివే, మార్చే అధికారం లభిస్తుంది. లంకెను వ్రాయడానికి తెరిచి ఉన్న ఆహ్వానాన్ని మార్చే అనుమతి ఉంటే చాలును. అంతకుమించి అడిగే యాడ్-ఇన్‌ను స్థాపించే ముందు దాని అవసరమేమిటో విచారించుట మంచిది.

లంకెను చేర్చే పద్ధతి

అవుట్‌లుక్‌లో: యాడ్-ఇన్‌ను వాడుకరి స్వయంగా మైక్రోసాఫ్ట్ దుకాణం నుండి తెచ్చుకొనవచ్చును. పెద్ద సంస్థలలో కంప్యూటరు విభాగం వారు దానిని అందరికీ ఒకేసారి అందిస్తారు. ఆ తరువాత క్యాలెండరులో కొత్త సమావేశాన్ని తెరచి, ముందుగా తేదీ, సమయాలు, ఆహ్వానితుల చిరునామాలు నింపవలెను. పిమ్మట యాడ్-ఇన్ బొత్తాన్ని నొక్కితే లంకె చేరుతుంది. లంకె చేరినదని కంటితో చూచిన తరువాతనే "సెండ్" నొక్కవలెను. టీమ్స్ వాడేవారు తాము ఏర్పాటుచేసే ప్రతి సమావేశానికి లంకె దానంతటదే చేరునట్లు అమర్చుకొనే వీలున్నది.

గూగుల్ క్యాలెండరులో: గూగుల్ మీట్ సౌకర్యం ముందే అమరియున్నది. కొత్త కార్యక్రమంలో వీడియో సమావేశాన్ని చేర్చే బొత్తాన్ని నొక్కితే పది ఇంగ్లీషు అక్షరాల సంకేతంతో కూడిన లంకె వస్తుంది. జూమ్ వంటి ఇతర సేవలు కావలెనన్నచో వాటి యాడ్-ఆన్‌ను స్థాపించుకొని, అదేచోట జాబితా నుండి ఎంచుకొనవలెను.

అధికారి తరఫున సహాయకులు సమావేశాలు ఏర్పాటుచేసే కార్యాలయాలలో ఒక విషయాన్ని గమనించవలెను. సహాయకుడు తన ఖాతాతో లంకెను సృష్టిస్తే ఆ గదికి అతడే ఆతిథేయి అవుతాడు. ఆహ్వానం అధికారి పేరుతో వెళ్ళినప్పటికీ, గదిని తెరిచే అధికారం ఆయనకు ఉండదు. ఇందుకొరకు జూమ్ వంటి సేవలలో ఒకరి తరఫున మరొకరు సమావేశం నిర్ణయించే హక్కును ముందుగా ఇచ్చిపుచ్చుకొనే ఏర్పాటు ఉన్నది.

మార్పులు, రద్దు

సమయం మార్చదలచినప్పుడు క్యాలెండరులోని అసలు ఆహ్వానాన్నే తెరచి మార్చి, సవరించిన ప్రతిని అందరికీ పంపవలెను. గుర్తింపు సంఖ్య మారదు కనుక ఆహ్వానితుల క్యాలెండరులో పాతదాని స్థానంలో కొత్తది చేరుతుంది. దీనికి బదులు కొత్త ఆహ్వానాన్ని తయారుచేసి పంపితే రెండు గుర్తింపు సంఖ్యలు, రెండు లంకెలు ఏర్పడతాయి. అప్పుడు కొందరు పాత గదిలోను, కొందరు కొత్త గదిలోను వేచియుంటారు. వీడియో సేవ యొక్క వెబ్‌సైటులో మాత్రమే మార్పు చేసినచో, ఆ విషయం ఆహ్వానితుల క్యాలెండర్లకు దానంతటది చేరుతుందని భావించరాదు.

రద్దు విషయంలోను ఇదే సూత్రం. నిర్వాహకుడు రద్దు సందేశం పంపితే ఆహ్వానితుల క్యాలెండర్లలో సమావేశం రద్దయినట్లు నమోదవుతుంది. వీడియో సర్వరులోని గది కూడా తొలగిపోతుందా లేదా అన్నది ఆ యాడ్-ఇన్‌ను బట్టి ఉంటుంది.

గదిని సృష్టించిన ఉద్యోగి సంస్థను విడిచిపోయినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. అతని ఖాతాను తొలగించేటప్పుడు రాబోయే సమావేశాలను వేరొకరికి బదిలీ చేయకపోతే గదులు మూతపడతాయి. ఆహ్వానితుల క్యాలెండర్లలో మాత్రం లంకెలు అలాగే నిలిచియుంటాయి. సేవయే ఆగిపోయినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ వారి స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్ సేవ 2021 జూలై 31న, స్కైప్ సేవ 2025 మేలో ముగిశాయి.

కాలమండలాలు

భారతదేశంలో ఏడాది పొడవునా ఒకే కాలమానం అమలులో ఉన్నది. ఇది విశ్వసమయానికి 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. అమెరికాలో అధికభాగం 2007 నుండి మార్చి రెండవ ఆదివారం నాడు గడియారాన్ని ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం నాడు వెనుకకు జరుపుతున్నది. అందువలన పునరావృతమయ్యే సమావేశాలలో నిర్వాహకుడు ఏ దేశంలో ఉన్నాడన్నది ముఖ్యం.

ఉదాహరణకు డల్లాస్‌లోని నిర్వాహకుడు ప్రతి శనివారం ఉదయం 8 గంటలకు సమావేశం నిర్ణయించినాడనుకొందాము. హైదరాబాదులోని ఆహ్వానితునికి అది వేసవిలో సాయంత్రం 6:30కు, శీతకాలంలో రాత్రి 7:30కు వస్తుంది. హైదరాబాదులోని నిర్వాహకుడు సాయంత్రం 6:30కు నిర్ణయిస్తే, డల్లాస్‌లో వేసవిలో ఉదయం 8 గంటలకు, శీతకాలంలో 7 గంటలకు వస్తుంది. ఐక్యాలెండర్ ఫైలులో కాలమండలం నమోదై ఉండుటచేత క్యాలెండరు ఈ లెక్కను స్వయంగా చేసుకుంటుంది. లంకెను మాత్రమే వాట్సప్ సందేశంలో పంపి, సమయాన్ని మాటలలో వ్రాసినప్పుడు ఈ సౌకర్యం కోల్పోతారు. విదేశాలలోని పిల్లలతో, బంధువులతో ఏర్పాటుచేసే కుటుంబ సమావేశాలలో, అంతర్జాల తరగతులలో నవంబరు, మార్చి నెలలలో గంట తేడా రావడానికి ఇది ఒక సాధారణ కారణం.

భద్రత

లంకె తాళంచెవి వంటిది. జూమ్ సమావేశపు లంకెలో సమావేశ సంఖ్యతో పాటు సంకేతపదం కూడా గుప్తరూపంలో ఇమిడియుండవచ్చును. అటువంటి లంకెను నొక్కినవారిని సంకేతపదం వేరుగా అడగదు. అందుచేత సంకేతపదం ఉన్నంత మాత్రాన, లంకె సంపాదించినవారి నుండి రక్షణ ఉన్నదని అనుకొనరాదు.

2020లో పిలవనివారు సమావేశాలలోకి చొరబడి అసభ్య చిత్రాలు చూపుట, దూషించుట వంటి సంఘటనలు పలు దేశాలలో జరిగాయి. వీటికి "జూమ్‌బాంబింగ్" అనే పేరు వచ్చింది. తరగతులలో ఇటువంటి చొరబాట్లు జరిగాయని తెలిపి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. యొక్క బోస్టన్ కార్యాలయం 2020 మార్చి 30న హెచ్చరిక జారీచేసింది. మరునాడు బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ తన మంత్రివర్గ సమావేశపు చిత్రాన్ని ట్విట్టరులో ఉంచగా, అందులో సమావేశ సంఖ్య కనబడటం చర్చనీయాంశమైనది. 2020 ఏప్రిల్ 5 నుండి జూమ్ సంస్థ ఉచిత ఖాతాలలో సంకేతపదాన్ని, నిరీక్షణ గదిని ముందుగానే అమలులో ఉంచింది. అదే నెలలో భారత హోం మంత్రిత్వ శాఖ జూమ్ వాడకంపై సూచనలు వెలువరించింది. ప్రతి సమావేశానికి కొత్త సంకేతపదం పెట్టుకొనుట, నిరీక్షణ గదిని వాడుట, ఆతిథేయి కంటె ముందు ఇతరులు చేరకుండా చూచుట, అందరూ వచ్చిన తరువాత గదికి తాళం వేయుట అందులో ఉన్నాయి.

యాడ్-ఇన్ వాడేవారు గమనించవలసిన ముఖ్య విషయాలు:

- వ్యక్తిగత గది: కొన్ని సేవలలో ప్రతి వాడుకరికి మారని సంఖ్య గల సొంత గది ఒకటి ఉంటుంది. యాడ్-ఇన్ అమరికలలో దీనిని ఎంచుకొన్నట్లయితే ప్రతి ఆహ్వానానికి ఒకే లంకె వెళుతుంది. వైద్యుడు, న్యాయవాది లేదా ఉపాధ్యాయుడు ఒకరి తరువాత ఒకరితో మాట్లాడేటప్పుడు, తరువాతి వ్యక్తి ముందుగా వచ్చి మొదటివారి సంభాషణ మధ్యలో ప్రవేశించే ప్రమాదం ఉన్నది. ప్రతి సమావేశానికి వేరు గది సృష్టించుట, లేదా నిరీక్షణ గదిని వాడుట దీనికి నివారణ.
- ఆతిథేయి లంకె: జూమ్ వంటి సేవలలో గదిని ప్రారంభించే లంకె, పాల్గొనే లంకె వేరువేరుగా ఉంటాయి. మొదటిదానితో ఆతిథేయి అధికారాలు లభిస్తాయి కనుక దానిని ఎవరికీ పంపరాదు.
- బహిరంగ ప్రకటన: లంకెను సామాజిక మాధ్యమాలలో ఉంచుట, తెర చిత్రంలో కనబడనిచ్చుట కూడదు. బహిరంగ సభలకు ముందస్తు నమోదు పద్ధతి మేలు.
- పంచుకొన్న క్యాలెండరు: సంస్థలో ఇతరులకు క్యాలెండరు వివరాలు చూచే అనుమతి ఉంటే లంకె కూడా కనబడవచ్చును. అట్టి సమావేశాన్ని "ప్రైవేటు"గా గుర్తించవలెను.
- నకిలీ ఆహ్వానాలు: మోసగాళ్ళు కూడా ఆహ్వానాలు పంపుతారు. తెలియనివారి నుండి వచ్చిన ఆహ్వానంలోని లంకెను నొక్కరాదు. సంకేతపదం అడిగే పేజీ వస్తే దాని చిరునామాను సరిచూడవలెను. గూగుల్ క్యాలెండరులో, తెలిసినవారి ఆహ్వానాలను మాత్రమే దానంతటదే చేర్చుకొనునట్లు అమర్చుకొనవచ్చును.

పరిమితులు

అవుట్‌లుక్ వెబ్ తరహా యాడ్-ఇన్‌లు ఎక్స్ఛేంజ్, మైక్రోసాఫ్ట్ 365, అవుట్‌లుక్.కామ్ ఖాతాలకు ఉద్దేశించినవి. పాప్, ఐమ్యాప్ పద్ధతిలో కలిపిన ఇతర ఖాతాలలో ఇవి లభించవు. కామ్ తరహా యాడ్-ఇన్‌లు విండోస్‌లోని పాత అవుట్‌లుక్‌లో మాత్రమే పనిచేస్తాయి. కొత్త అవుట్‌లుక్ వీటిని అంగీకరించదు. అందుచేత సాఫ్టువేరు మారినప్పుడు అలవాటైన బొత్తాము కనబడకపోవచ్చును. సంస్థ నిర్వాహకులు అనుమతించని యాడ్-ఇన్‌లను ఉద్యోగులు స్థాపించుకొనలేరు.

యాడ్-ఇన్ లభించనిచోట వీడియో సేవ యొక్క వెబ్‌సైటులో సమావేశాన్ని సృష్టించి, లంకెను కాపీ చేసి, ఆహ్వానంలోని "స్థలం" గడిలో అతికించవచ్చును. ఫలితం చాలవరకు ఒకటే. అయితే ఇక్కడ రెండు వ్యవస్థలకు మధ్య వారధి మనిషే కనుక, సమయం మారిన ప్రతిసారి రెండుచోట్లా దిద్దవలసియుంటుంది.

ఇవి కూడా చూడండి

- ఈ-మెయిలు
- వీడియో కాన్ఫరెన్సింగ్
- కాలమండలం
- యూనికోడ్